రక్తంలో కోరిక ఎంత?

కృత్తివెన్ను చుట్టుపక్కల చెరువుల మీద బతికినవాళ్లకు నీలకంఠ రొయ్య గురించి ఒకరు చెప్పక్కర్లేదు. తెల్లమచ్చల తెగులు టైగరు రొయ్యను ఊడ్చిపెట్టాక, వనామి ఇంకా రాకముందు, మధ్యలో ఉన్న ఆ పదేళ్లలో డెల్టాలో చాలామంది రైతులు పట్టుకుని వేలాడింది దాన్నే. పట్టుబడి రోజున గట్టు మీద కుప్ప పోస్తే నీలం రంగు పొడవాటి కాళ్లతో పెద్ద మగ రొయ్యలు ముందు కళ్లబడతాయి. కడుపు కింద గుడ్లు మోసే ఆడవి చిన్నవి, వాటికి రేటూ తక్కువే. ఆ నీలం కాళ్లు, ఆ ఒడ్డూ పొడుగూ, ఆడదాన్ని వెంటబడి పట్టుకునే ఆ ఊపు, అన్నీ ఒక గ్రంథి పనే. దాన్ని ఆండ్రోజెనిక్ గ్రంథి అంటారు. పిల్ల వయసులోనే మగ రొయ్యలోంచి ఆ గ్రంథిని తీసేస్తే అది ఆడదిగా పెరుగుతుంది. మరో మగదానితో జతకట్టి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలన్నీ మగవే. ఇజ్రాయెల్‌లో బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో అమీర్ సాగి బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. కత్తి పెట్టకుండా, ఆ గ్రంథి హార్మోను జన్యువును అణిచే ఆర్‌ఎన్‌ఏను సూదితో ఎక్కించి అదే ఫలితం రాబట్టింది.

తిలాపియా చేప సంగతీ ఇంతే. మన కృష్ణా జిల్లాలోనే ఉంగుటూరు మండలం మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం మేలుజాతి గిఫ్ట్ తిలాపియాను పెంచుతోంది. ప్రపంచంలో చాలా హేచరీలు తిలాపియా పిల్లలకు తొలి మూడు నాలుగు వారాల మేతలో మిథైల్ టెస్టోస్టెరాన్ కలుపుతాయి. కిలో మేతకు 60 మిల్లీగ్రాములు సరిపోతుంది. ఆడ క్రోమోజోములతో పుట్టిన పిల్లలు కూడా మగవై, చెరువు అడుగున గుంటలు తవ్వి ఆడచేపల కోసం కాచుకుంటాయి. మగవే త్వరగా పెరుగుతాయి, ఇష్టమొచ్చినట్టు పిల్లలు పుట్టి చెరువు కిక్కిరిసిపోదు కాబట్టి రైతుకు లాభం.

ఈ అధ్యాయం మనుషుల గురించి. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా తాను మగవాణ్నని ఎరిగిన ట్రాన్స్ పురుషుడు టెస్టోస్టెరాన్ సూదులు మొదలుపెడితే అతని లైంగిక కోరికకు ఏమవుతుందన్నది విషయం. రొయ్యలతో మొదలుపెట్టానని ఎవరూ నొచ్చుకోవద్దు. పోలిక కోసం కాదు, తేడా కోసం. రొయ్యలో హార్మోను ఆజ్ఞ వేస్తే శరీరమూ నడతా రెండూ మారుమాట లేకుండా నడుస్తాయి. మనిషిలో శరీరం చాలావరకు వింటుంది. కోరిక మాత్రం సగం విని, మిగతా సగం తన దారి తను చూసుకుంటుంది.

హార్మోన్ల శాస్త్రం పుట్టిందే ఈ ప్రశ్న చుట్టూ. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఆరు పుంజు పిల్లల మీద ప్రయోగం చేశాడు. వృషణాలు తీసేసిన పుంజులు జుట్టు పెరగక, కూతలు లేక, పెట్టల జోలికి పోక, సాటి పుంజుతో కాలు దువ్వక మెత్తబడిపోయాయి. వృషణాన్ని తీసి కడుపులో ఇంకోచోట నాటితే మాత్రం జుట్టు ఎర్రబడింది, కూత వచ్చింది, పోట్లాట వచ్చింది, పెట్టల మీద మోజూ వచ్చింది. నరాలు తెగిపోయినా పని జరిగిందంటే వృషణం రక్తంలోకి ఏదో వదులుతోందని ఆయన తేల్చాడు. సంక్రాంతికి పందెం పుంజును ఏడాదిపాటు జీడిపప్పులు పెట్టి మేపే మన డెల్టాలో ఈ ప్రయోగం ఎవరికీ తట్టకపోవడం విచిత్రమే. కోడెల వృషణాలు నొక్కించి ఎద్దులు చేసుకోవడం, ఊరికొక ఆంబోతును వదలడం తరతరాలుగా తెలిసిన జాతి మనది.

నలభై ఏళ్ల తరవాత, 1889లో, పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే 72 ఏళ్ల పేరుమోసిన శాస్త్రవేత్త కుక్కల, గినీ పందుల వృషణాల రసం తనకు తానే పొడుచుకుని మళ్లీ పడుచువాణ్నయ్యానని సభలో ప్రకటించాడు. యూరప్ అంతా ఆ సూదుల కోసం ఎగబడింది. ఆయన వాడింది నీళ్లలో తీసిన రసం. టెస్టోస్టెరాన్ నీళ్లలో దాదాపు కరగదు. అంటే ఆ రసంలో చెప్పుకోదగ్గ హార్మోనేమీ లేదు. ఆయనకు వచ్చిన ఉత్సాహం అబద్ధం కాకపోవచ్చు, కాని అది వచ్చింది సూదిలోంచి కాదు, నమ్మకంలోంచి. కోరిక విషయంలో నమ్మకం బలం ఎంతో ఇకముందు లెక్కలతో సహా చూస్తాం.

అసలు పదార్థం దొరకడానికి 1935 దాకా పట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకూర్ బృందం ఎద్దు వృషణాల నుంచి దాన్ని వేరుచేసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది అడాల్ఫ్ బుటెనాన్ట్, లియోపోల్డ్ రుజిచ్కా వేర్వేరుగా కొలెస్టరాల్ నుంచి దాన్ని తయారు చేసే దారి కనుక్కున్నారు. ఇద్దరికీ కలిపి 1939లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మందు చవకబడింది, మాత్రల్లోకి వచ్చింది.

మొట్టమొదట ఆ మాత్ర మింగిన ట్రాన్స్ పురుషుడిగా చరిత్రకు తెలిసినవాడు మైకేల్ డిల్లన్. 1915లో లండన్‌లో పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, పడవ పందేల్లో దిట్ట. బ్రిస్టల్‌లో జార్జి ఫాస్ అనే డాక్టరు ఆడవాళ్లకు అతిగా అయ్యే రుతుస్రావాన్ని ఆపడానికి టెస్టోస్టెరాన్ ప్రయత్నిస్తున్నాడని విని 1939లో ఆయన దగ్గరికి వెళ్లాడు. మాత్రలు దొరికాయి. గొంతు మారింది, గడ్డం వచ్చింది. తరవాత ప్లాస్టిక్ సర్జన్ హెరాల్డ్ గిలీస్ ఏళ్లపాటు వరస శస్త్రచికిత్సలు చేశాడు. డిల్లన్ డబ్లిన్‌లో వైద్యం చదివి ఓడల్లో డాక్టరుగా తిరిగాడు. 1958లో పత్రికలు ఆయన గుట్టు రట్టు చేశాయి. ఓడ దిగి నేరుగా భారతదేశం వచ్చేశాడు. కాలింపాంగ్, సారనాథ్, అక్కణ్నుంచి లడఖ్‌లోని రిజోంగ్ ఆరామం. లోబ్‌జాంగ్ జీవక అనే పేరుతో బౌద్ధ శ్రామణేరుడిగా బ్రహ్మచర్య దీక్ష పట్టి, 1962లో డల్హౌసీ ఆసుపత్రిలో 47 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ ఆయన పోయిన యాభై ఏళ్ల తరవాత గాని అచ్చు కాలేదు.

ఆయన కథ ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. అదే హార్మోను, అదే ఒంట్లో, ఒక దశలో రాబర్టా కవెల్ అనే స్త్రీని పెళ్లాడాలని తపించేలా ఉంది, మరో దశలో సన్యాసానికి అడ్డుపడలేదు. టెస్టోస్టెరాన్ ఎక్కితే మనిషి కామంతో కళ్లు కనపడకుండా పోతాడని మన వీధుల్లోనూ, కొందరు డాక్టర్ల గదుల్లోనూ వినబడే మాటకు ఈ ఒక్క జీవితమే పెద్ద అనుమానం రేపాలి.

ఇక ఈనాటి వైద్యం. టెస్టోస్టెరాన్ ఆడవాళ్ల రక్తంలోనూ ఉంటుంది, డెసీలీటరుకు సుమారు 15 నుంచి 70 నానోగ్రాములు. మగవాళ్లలో 300 నుంచి 1000 దాకా. ట్రాన్స్ పురుషుడి చికిత్స లక్ష్యం ఆ రెండో అంకెల మధ్యకు చేర్చడమే. 2017 నాటి ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకం ఎనాంథేట్ లేదా సిపియోనేట్ రకాన్ని రెండు వారాలకోసారి 100 నుంచి 200 మిల్లీగ్రాములు కండలోకి ఇవ్వమంటుంది. అన్‌డెకనోయేట్ అనే నిదానపు రకం 1000 మిల్లీగ్రాములు పన్నెండు వారాలకొకటి. చర్మానికి రాసుకునే జెల్ కూడా ఉంది. మన మందుల షాపుల్లో సస్టనాన్, టెస్టోవిరాన్, సెర్నోస్ డిపో అనే పేర్లతో దొరికేవి ఈ కుటుంబానివే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులివి.

ఒంట్లో మార్పులు ఒక వరసలో వస్తాయి. మొదటి ఆరు నెలల్లో చర్మం జిడ్డెక్కి మొటిమలు, నెలసరి ఆగడం, కొవ్వు పిరుదుల నుంచి పొట్టకు మళ్లడం. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు గొంతు బొంగురుపోవడం, గడ్డం మీసం. వీటిలో గొంతు మారితే మళ్లీ వెనక్కి రాదు. క్లిటోరిస్ మొదటి నెలల్లోనే పెరగడం మొదలై ఒకటి రెండేళ్లు పెరుగుతుంది. గర్భంలో ఉన్నప్పుడు మగశిశువు అంగమూ ఆడశిశువు క్లిటోరిసూ ఒకే మొగ్గ నుంచి రూపం తీసుకున్నవే కాబట్టి, హార్మోను అందితే ఆ కణజాలం ఇప్పటికీ స్పందిస్తుంది. రక్తప్రసరణ పెరుగుతుంది, స్పర్శ పదునెక్కుతుంది. చాలామంది మొదట గమనించే కోరిక మెదడులోది కాదు, అక్కడిది. ఏమీ తలచుకోకుండానే బస్సులో కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు తనంతట తానే గుర్తుచేస్తుంది. పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలు పడే అవస్థే ఇది. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆఫీసుకు పోయి ఇంటద్దె కట్టుకుంటూ దాన్ని పడాల్సి రావడమే తేడా. ఆ వయసు పిల్లలకు వేళాకోళం చేసుకోడానికి తోటి పిల్లలైనా ఉంటారు.

పరిశోధనలు ఏమంటున్నాయి? బెల్జియంలోని ఘెంట్‌లో కాట్రిన్ వీర్క్స్ బృందం 2014లో 138 మంది ట్రాన్స్ పురుషులను అడిగి ప్రచురించిన లెక్క ఒకటుంది. చికిత్స తరవాత కోరిక పెరిగిందన్నవాళ్లు 71 శాతం. అదే అధ్యయనంలో ఈస్ట్రోజన్ వైపు వెళ్లిన ట్రాన్స్ స్త్రీలలో 62 శాతం తగ్గిందన్నారు. ఇక్కడిదాకా రొయ్యల కథలాగే ఉంది. కాని ఆ పత్రంలోనే ఇంకో వాక్యం ఉంది. చికిత్స పొందిన ట్రాన్స్ పురుషుల్లో ముప్ఫై శాతం మంది తమకు కోరిక ఎప్పుడూ ఉండదనో, అరుదుగా ఉంటుందనో చెప్పారు. వాళ్లూ టెస్టోస్టెరాన్ తీసుకున్నవాళ్లే. దాని వల్ల బాధపడుతూ, జబ్బు అనదగ్గ స్థితిలో ఉన్నవాళ్లు మొత్తంలో 5 శాతమే. మిగతావాళ్లు కోరిక తక్కువగా ఉన్నా హాయిగానే ఉన్నారు. కోరిక లేకపోవడమే జబ్బు అనుకునే అలవాటును ఈ ఒక్క అంకె సరిచేస్తుంది.

ఆ 71 శాతం మీద నాకొక అనుమానం ఉంది. అది జ్ఞాపకం మీద ఆధారపడిన జవాబు. పైగా మన దగ్గర ఆడపిల్లగా పెరిగినవాళ్లకు కోరిక ఉందని ఒప్పుకోవడమే సిగ్గు. కడుపునొప్పి అంటే నమ్ముతారు, మనసైందంటే కాళ్లు విరగ్గొడతారు. మగవాడికి అదే మాట గర్వం. మగవాడిగా బతకడం మొదలుపెట్టిన మనిషికి, ఒంట్లో ఎప్పట్నుంచో ఉన్నదాన్ని పైకి అనే హక్కు కొత్తగా దొరుకుతుంది. పెరిగిందన్న దాంట్లో కొంత హార్మోనుదైతే, కొంత ఈ అనుమతిది అయ్యుంటుంది. బెల్జియం సమాజం మన సమాజమంత బిగువుది కాకపోవచ్చు, ఆ తేడా అక్కడా లేకపోలేదు.

జ్ఞాపకం మీద ఆధారపడకుండా, చికిత్స మొదలయ్యే రోజు నుంచి మూడేళ్లు వెంటబడి కొలిచిన పని ఒకటుంది. ఆమ్‌స్టర్‌డామ్, ఘెంట్, ఫ్లోరెన్స్ వంటి నగరాల క్లినిక్కులు 2010 నుంచి కలిసి నడిపిన ఎనిగి అధ్యయనం అది. జస్టిన్ డెఫ్రేన్, సహచరులు 2020లో ప్రచురించిన భాగంలో 364 మంది ట్రాన్స్ పురుషులున్నారు. వాళ్లు కోరికను రెండుగా విడదీసి అడిగారు. ఒంటరిగా తనలో తాను అనుభవించే కోరిక ఒకటి, మరో మనిషితో కావాలనిపించే కోరిక ఇంకొకటి. మొదటి మూడు నెలల్లో రెండూ పెరిగాయి. మూడేళ్లకు చూస్తే ఒంటరి కోరిక ఇంకా ఎత్తులోనే ఉంది. తోడు కోరే కోరిక మాత్రం చికిత్సకు ముందున్న చోటికే తిరిగి వచ్చింది. రక్తంలో హార్మోను తగ్గిందా అంటే లేదు, ఉండాల్సినంత ఉంది. కాలం గడిచే కొద్దీ కోరికలో వచ్చిన ఎగుడుదిగుళ్లు హార్మోను అంకెల వెంట నడవలేదు.

ఎందుకు నడవలేదో చెప్పడానికి కృత్తివెన్ను రైతుకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారో పేపర్లో వస్తుంది, శివారు చేనుకు తడి తగిలిందా లేదా అన్నది వేరే సంగతి. దారిలో ఎన్ని లాకులు, ఎన్ని తూములు, ఎవరు ఎక్కడ అడ్డం వేశారన్నది తేలుస్తుంది దాన్ని. టెస్టోస్టెరాన్ రక్తంలోకి చేరగానే అందులో అధిక భాగం ప్రొటీన్లకు అంటుకుపోతుంది. విడిగా తిరిగేది రెండు శాతం చిల్లర. అది కణంలోకి వెళ్లి ఆండ్రోజన్ గ్రాహకాన్ని పట్టుకోవాలి. ఆ గ్రాహకం తయారీ జన్యువు ఉన్నది ఎక్స్ క్రోమోజోము మీద. మగ హార్మోను పనిచేయడానికి కావలసిన సరంజామా ఆడశరీరంలో పుట్టుకతోనే ఉంటుంది.

ఇంకో మలుపుంది. మెదడులో కొంత టెస్టోస్టెరాన్ అరోమటేజ్ అనే ఎంజైము వల్ల ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్‌గా, అంటే ఆడ హార్మోనని మనం అనుకునేదిగా మారుతుంది. 2013లో బోస్టన్‌లో జోయెల్ ఫింకెల్‌స్టీన్ బృందం ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో సొంత హార్మోన్లు ఆపేసి, వేర్వేరు మోతాదుల్లో టెస్టోస్టెరాన్ ఇచ్చింది. కొందరికి అది ఈస్ట్రడయోల్‌గా మారకుండా మరో మందు కూడా ఇచ్చింది. టెస్టోస్టెరాన్ సరిపడా ఉన్నా ఈస్ట్రడయోల్ లేనివాళ్లకు కోరిక పడిపోయింది. మగవాడి కోరికలో ఒక వాటా ఈస్ట్రోజన్‌దే అన్నమాట. ఆడతనం పూర్తిగా పోవాలని ఈస్ట్రోజన్‌ను సున్నా చేసే మందులు కావాలని అడిగే ట్రాన్స్ యువకులకు అనుభవమున్న డాక్టర్లు చెప్పే సంగతుల్లో ఇదొకటి. ఎముకల బలానికీ అది కావాలి.

నమ్మకం వాటా ఎంత? మెనోపాజ్ దాటి కోరిక తగ్గి బాధపడే స్త్రీలకు చిన్న మోతాదు టెస్టోస్టెరాన్ పట్టీలు పెట్టి సూసన్ డేవిస్ బృందం 2008లో ఓ పరీక్ష ప్రచురించింది. 814 మంది పాల్గొన్నారు. తృప్తినిచ్చిన కలయికలు నాలుగు వారాల్లో ఎన్ని పెరిగాయని లెక్కవేస్తే, ఎక్కువ మోతాదు పట్టీ వాడినవాళ్లకు 2.1, మందు లేని ఉత్త పట్టీ వాడినవాళ్లకు 0.7. మందు పనిచేసింది, సందేహం లేదు. కాని అందులో మూడో వంతు ఉత్త పట్టీతోనే వచ్చింది. బ్రౌన్ సెకార్ ముసలాయన పూర్తిగా పిచ్చివాడేమీ కాదు. ట్రాన్స్ పురుషుడికైతే సూది అంటే మందు ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజు. ఆ ఎదురుచూపు తీరడం వల్ల ఒళ్లు విప్పారడాన్ని హార్మోను ఖాతాలో వేయాలా, మనసు ఖాతాలోనా? విడదీసే పరీక్ష చేయడం కష్టం. కొన్ని నెలలకే గొంతులో జీర వినబడుతుంటే ఉత్త మందని ఎవరిని మభ్యపెట్టగలం?

కోరికకు మనసు వేసే అడ్డుకట్ట మరొకటి ఉంది, దాని గురించి మన వైద్య పుస్తకాలు తక్కువ మాట్లాడతాయి. తన రొమ్ములు, తన నెలసరి తనవి కావనిపించే మనిషికి కోరిక కలిగినప్పుడల్లా ఒళ్లు గుర్తుకొస్తుంది, ఒళ్లు గుర్తుకొస్తే కోరిక చస్తుంది. చీకట్లో తప్ప, బట్టలతో తప్ప, ఎదుటివాళ్లు తాకకుండా తప్ప దగ్గర కాలేనివాళ్లున్నారు. టెస్టోస్టెరాన్‌తో నెలసరి ఆగడం, ఛాతీ శస్త్రచికిత్స జరగడం, అద్దంలో మొహం తనదిగా కనబడడం ఆ అడ్డు తీసేస్తాయి. అప్పుడు పొంగేది కొత్త కోరిక కాకపోవచ్చు. నిలిచిపోయిన పాతదే కావచ్చు. కొందరిలో ఆకర్షణ ఎటువైపన్నది కూడా మారినట్టు సర్వేల్లో కనబడుతుంది. స్త్రీలనే ఇష్టపడినవాడికి మగవాళ్ల మీదా మనసు పోవచ్చు. హార్మోను దిశ మార్చిందనడానికి గట్టి ఆధారమేమీ లేదు. మగవాడిగా ఉంటూ మగవాణ్ని కోరుకోవడం, ఆడదానిగా చూడబడుతూ కోరుకోవడం ఒకటి కాదన్న వివరణే నాకు నచ్చింది.

ఒంటి వైపు నుంచి వచ్చే చిక్కులూ ఉన్నాయి, సిగ్గుపడి దాటేయకూడనివి. ఈస్ట్రోజన్ ప్రభావం తగ్గడంతో నెలల్లోనే యోని గోడలు పలచబడి పొడిబారతాయి. కోరిక పెరుగుతుంటే కలయిక నొప్పెడుతుంది. ఈ రెండూ ఒకేసారి రావడం మనిషిని బాగా గందరగోళపెడుతుంది, తనకేదో తేడా చేసిందనుకుంటాడు. జారుడు జెల్, అవసరమైతే ఆ చోట మాత్రమే పనిచేసే కొద్దిపాటి ఈస్ట్రోజన్ క్రీము సరిపోతాయి. ఆ క్రీము గడ్డాన్ని గాని గొంతును గాని వెనక్కి తీసుకుపోదు. కొందరికి పరాకాష్ఠ తరవాత కడుపులో పట్టేసినట్టు నొప్పి వస్తుంది, దాన్నీ డాక్టరుకు చెప్పాలి. దిగులుకు ఇచ్చే కొన్ని మాత్రలు కోరికను చంపుతాయి. సూది పనిచేయట్లేదని మోతాదు పెంచేముందు ఆ మాత్రల సంగతి చూడాలి.

నెలసరి ఆగింది కదా, గర్భం రాదులే అన్న ధీమా మరీ ప్రమాదం. 2014లో అమెరికాలో అలెక్సిస్ లైట్ బృందం గర్భం దాల్చిన 41 మంది ట్రాన్స్ పురుషుల అనుభవాలు సేకరిస్తే, వాళ్లలో 61 శాతం అంతకుముందు టెస్టోస్టెరాన్ వాడినవాళ్లే. గర్భాశయం, అండాశయాలు ఉన్నంతకాలం, మగవాడితో కలయిక ఉంటే గర్భనిరోధం కావాలి. కడుపులో ఆడశిశువుకు టెస్టోస్టెరాన్ హాని చేస్తుంది.

రెండు వారాల సూది వాడేవాళ్లు ఇంకోటి గమనిస్తారు. సూది పడ్డాక రెండు మూడు రోజుల్లో రక్తంలో హార్మోను శిఖరానికి ఎక్కి, తరవాతి సూది దగ్గర పడేసరికి లోయలోకి దిగుతుంది. చిరాకు, కోరిక, నిద్ర కూడా ఆ ఎత్తుపల్లాల్లో ఊగుతాయని చాలామంది చెబుతారు. పరిష్కారం మోతాదు పెంచడం కాదు, అదే మోతాదును సగం చేసి వారం వారం తీసుకోవడం. రక్తపరీక్షకు కూడా ఒక వేళ ఉంది. ఎనాంథేట్ వాడేవాళ్లు రెండు సూదుల నడుమ, అన్‌డెకనోయేట్ వాడేవాళ్లు తరవాతి సూదికి సరిగ్గా ముందు ఇవ్వాలి. సూది పడిన మర్నాడు తీయించుకున్న రిపోర్టు చూసి గాబరా పడి మందు తగ్గించే డాక్టర్లూ, లోయలో తీసిన రిపోర్టు చూసి పెంచేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు. హార్మోనుతో పాటు హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, చూడడం ముఖ్యం. టెస్టోస్టెరాన్ ఎర్రకణాలను పెంచుతుంది, రక్తం చిక్కబడుతుంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తరవాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్ష.

కృత్తివెన్ను మండలం చివర, చినగొల్లపాలెం లాంటి ఊరిలో ఉన్న కుర్రాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు? ఊళ్లో ఉన్నది ఆర్‌ఎంపీ. ఆయన సూది బాగానే పొడుస్తాడు, హెమటోక్రిట్ చూడడు. పట్నంలో జిమ్ముకు పోయే స్నేహితుడు సస్టనాన్ సంపాదించి పెట్టగలడు, కండ పెంచుకునేవాళ్లు వాడే మోతాదే ఇతనికీ చెబుతాడు. కోరిక ఇంకా రావట్లేదంటే మరో ఆంపూల్ వేసుకోమంటాడు. అక్కరకు మించిన టెస్టోస్టెరాన్‌లో కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుందని, ఆపుదామనుకున్న నెలసరిని తిరిగి తేగలదని ఆ స్నేహితుడికి తెలియదు. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. హార్మోన్ల నిపుణుల కోసం మాత్రం ఎక్కువమంది బెజవాడ, గుంటూరు, హైదరాబాదు వైపే చూస్తారు.

హైదరాబాదులో నారాయణగూడలో 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్ మనుషులే నడిపే, ట్రాన్స్ మనుషులకోసమే పెట్టిన సమగ్ర వైద్యశాల దేశంలో అదే మొదటిది. కౌన్సెలింగు నుంచి హార్మోన్ల సలహా దాకా ఒకేచోట దొరికేది. అక్కడ పనిచేసిన డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో చేరి తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో తొలి ట్రాన్స్ వైద్యులయ్యారు. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం నిలిపేయడంతో ఆ క్లినిక్కు మూతపడింది. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకానికి నారాయణగూడలో మందు ఆగింది. కొన్ని నెలలకు సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో మందు తప్పినవాళ్లలో నెలసరి తిరిగి రావచ్చు, కోరిక చల్లబడవచ్చు. గొంతు, గడ్డం మాత్రం అలాగే ఉంటాయి.

మన తెలుగునాట ట్రాన్స్ స్త్రీలకు ఎంత కష్టమైనా ఒక గురువు, ఒక జమాత్, పండగల్లో ఒక చోటు ఉన్నాయి. ట్రాన్స్ పురుషుడికి అలాంటి సంప్రదాయ గుంపు లేదు. ఇల్లు విడిస్తే ఒంటరి, విడవకపోతే పెళ్లి సంబంధాలు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో తన లింగమేదో చెప్పుకునే హక్కు మనిషిదేనంది. ఆ హక్కు పట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కడానికి కూడా తోడొచ్చేవాళ్లు కావాలి. ఎనిగి లెక్కలో మూడేళ్లకు తోడు కోరే కోరిక పాత చోటికి ఎందుకు దిగిందో ఆలోచించేటప్పుడు ఇదంతా పక్కన పెట్టలేం. ఒంటరి కోరికకు కావలసింది ఒళ్లు, గడియ ఉన్న తలుపు. రెండో కోరికకు మనిషి కావాలి, ఆ మనిషి మనల్ని మగవాడిగా చూడాలి, ఇద్దరికీ అద్దెకిచ్చే ఇల్లుండాలి. మన క్లినిక్కుల్లో కేసు షీటు రాసేవాళ్లు కోరిక గురించి ఒక ప్రశ్నే అడిగి, అవును కాదు అని టిక్కు పెట్టుకుంటారు. రెండు ప్రశ్నలుగా అడగాలి. మొదటిదానికి జవాబు తక్కువగా ఉంటే రక్తపరీక్ష, దిగులు మాత్రలు చూడాలి. మొదటిది బాగుండి రెండోదే తక్కువైతే, సూది మోతాదు ముట్టుకోకుండా, ఇంట్లో ఎవరితో ఉంటున్నావని అడగాలి.